బెల్టు ఎవరిది, ఎప్పుడు?

2016 నవంబర్ 20 రాత్రి, టొరంటోలో డబ్ల్యూడబ్ల్యూఈ రెజ్లింగ్ సంస్థ షో సర్వైవర్ సిరీస్. ఆఖరి పోటీ బ్రాక్ లెస్నర్‌కూ గోల్డ్‌బర్గ్‌కూ. అంతకు రెండేళ్ల ముందు ఇదే లెస్నర్ జాన్ సీనాను ఒకే మ్యాచ్‌లో పదహారుసార్లు జర్మన్ సూప్లెక్స్‌తో వెనక్కి విసిరేశాడు. గోల్డ్‌బర్గ్‌కు 49 ఏళ్లు, రింగులో దిగి పన్నెండేళ్లు దాటింది. కార్డు, అంటే ఆ రాత్రి పోటీల జాబితా, చూసి ఫలితాలు ముందే చెప్పేవాళ్లలో చాలామంది కళ్లు మూసుకుని లెస్నర్ పేరు రాశారు. గంట మోగింది. రెండు స్పియర్లు, ఒక జాక్‌హ్యామర్. 86 సెకన్లలో అంతా అయిపోయింది, లెస్నర్ వెల్లకిలా పడి ఉన్నాడు.

లెక్క ఎక్కడ తప్పిందో మరుసటి ఏప్రిల్‌కి గానీ తెలియలేదు. మార్చిలో గోల్డ్‌బర్గ్ కెవిన్ ఓవెన్స్‌ను ఓడించి యూనివర్సల్ ఛాంపియన్ అయ్యాడు. ఏప్రిల్ 2న రెజిల్‌మేనియా 33లో లెస్నర్ అతన్ని పడగొట్టి ఆ బెల్టు పట్టుకెళ్లాడు. పగ తీరాలంటే ముందు పరాభవం జరగాలి. అంచనా వేసినవాళ్లు నవంబర్ రాత్రిని మాత్రమే చూశారు. కథ అల్లినవాళ్లు ఏప్రిల్ మీద కన్నేసి నవంబర్‌ను రాశారు.

ఫలితం ముందే ఖాయమైన ఆటకు జోస్యం ఎందుకని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. రెజ్లింగ్‌లో గెలుపోటములు ముందే నిర్ణయమవుతాయన్నది రహస్యమేమీ కాదు. 1989లో ఈ సంస్థే, అప్పటి డబ్ల్యూడబ్ల్యూఎఫ్, న్యూజెర్సీ రాష్ట్ర సెనేట్ ముందు ఒప్పుకుంది, ఇది క్రీడాపోటీ కాదు, వినోదమని. క్రీడల కమిషన్ పర్యవేక్షణ నుంచి, దాని పన్ను నుంచి తప్పించుకోవడానికి ఆ మాట చెప్పాల్సి వచ్చింది. ఆ తర్వాత ఊహించేవాళ్లు తగ్గలేదు, పెరిగారు. ఎవరి కండ ఎంతన్న ప్రశ్న పక్కకు పోయి, రాసేవాడి మనసులో ఏముందన్న ప్రశ్న ముందుకొచ్చింది. ఇది మొదటిదానికంటే చాలా ఆసక్తికరమైన ప్రశ్న.

1990ల్లో మన ఊళ్లలో పెరిగిన పిల్లలు మొదటి ప్రశ్న దగ్గరే మొదలుపెట్టారు. ట్రంప్ కార్డుల మీద మల్లయోధుడి బొమ్మ, దాని కింద ర్యాంకు, ఎత్తు, బరువు, ఛాతీ, బైసెప్స్. ఒకడు "ఛాతీ" అని అంకె చదివేవాడు, ఎదుటివాడి కార్డులో అంకె చిన్నదైతే కార్డు పోయినట్టే. మాసి, మూలలు మడతపడిన ఆ కార్డుల్లో భారీకాయుడికి తిరుగులేదు. కానీ టీవీలో వాడే రే మిస్టీరియోలాంటి చిన్నవాడి చేతిలో ఓడిపోయేవాడు. అంకెలతో పని జరగదని పిల్లలకు తెలిసిపోయేది అక్కడే.

అంకెలు పనికిరావంటే మరేం చూడాలి? అనుభవమున్నవాళ్లు ముందు ఆఖరి వారం టీవీ ఎపిసోడ్ చూస్తారు. పెద్ద షోకు ముందు చివరి రాత్రి ప్రత్యర్థిని చితక్కొట్టి బెల్టు ఎత్తి నిలబడ్డవాడు, షోలో ఓడే అవకాశాలే ఎక్కువ. తర్వాత నిబంధనలు చూస్తారు. డిస్‌క్వాలిఫికేషన్‌తోనో కౌంటవుట్‌తోనో మ్యాచ్ ముగిస్తే బెల్టు మామూలుగా చేతులు మారదు కాబట్టి, ఓడినా బెల్టు పోని దారి ఛాంపియన్‌కు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఆపైన క్యాలెండర్. 2019 ఏప్రిల్‌లో రెజిల్‌మేనియా 35లో కోఫీ కింగ్‌స్టన్ ఛాంపియన్ అయినప్పుడు స్టేడియం ఊగిపోయింది. అక్టోబర్ 4న స్మాక్‌డౌన్ ఫాక్స్ ఛానల్‌కు మారింది. కొత్త ఛానల్, కొత్త ప్రేక్షకులు, మొదటి రాత్రి. కోఫీ ఎదుట లెస్నర్ పేరు చూడగానే క్యాలెండర్ చదివేవాళ్లకు గుండె జారింది. పది సెకన్లు కూడా పట్టలేదు. ఆరు నెలల ఛాంపియన్‌ను అలా పంపేయడం అన్యాయమే. దాన్ని ముందే పసిగట్టినవాళ్లు కూడా తమ ఊహ నిజమైనందుకు సంతోషించలేదు.

ఒప్పందాలు కూడా చూడాలి. 2004 మార్చిలో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో రెజిల్‌మేనియా 20. అక్కడా లెస్నర్, గోల్డ్‌బర్గే. ఇద్దరూ సంస్థను వదిలి వెళ్తున్నారని హాలంతటికీ తెలుసు. ఎవరు గెలిచినా రేపు లేడు కాబట్టి జనం ఇద్దరినీ గేలిచేశారు. ఆ రోజు ఎవరికీ విజేత మీద ఆసక్తి లేదు, రెఫరీగా వచ్చిన స్టోన్ కోల్డ్ మీద తప్ప. జనానికి అంతా ముందే తెలిసిపోతే మ్యాచ్ ఎలా చచ్చిపోతుందో చూపించడానికి దీన్ని మించిన ఉదాహరణ దొరకదు.

హైదరాబాద్‌కూ ఒక కార్డు వచ్చింది. 2023 సెప్టెంబర్ 8న గచ్చిబౌలిలోని జీఎంసీ బాలయోగి ఇండోర్ స్టేడియంలో సూపర్‌స్టార్ స్పెక్టాకిల్. జాన్ సీనా, సేత్ రోలిన్స్ ఒక జట్టు, ఎదుట లుడ్విగ్ కైజర్, జొవానీ వించి. డ్రూ మెకింటైర్ మీదికి జిందర్ మహల్. ఇంటర్‌కాంటినెంటల్ ఛాంపియన్ గుంతర్ మీదికి హర్యానా నుంచి వెళ్లిన ఏడడుగుల శాంకీ. ట్రంప్ కార్డుల లెక్కన శాంకీదే గెలుపు. క్యాలెండర్ లెక్క వేరు. గుంతర్ ఆ బెల్టు గెలిచింది 2022 జూన్ 10న. ఆ బెల్టును అత్యధిక కాలం ఉంచుకున్న రికార్డు అప్పటిదాకా హాంకీ టాంక్ మ్యాన్‌ది, 454 రోజులు, 1980ల నుంచి చెక్కుచెదరనిది. వేళ్ల మీద లెక్కపెడితే గచ్చిబౌలి పోటీ రోజు 455వది. ముప్పై అయిదేళ్ల రికార్డు దాటుతున్న రోజునే ఆ బెల్టును చేజార్చడానికి ఏ కథకుడూ ఒప్పుకోడు. అదీగాక ఇలాంటి యాత్రా ప్రదర్శనల్లో బెల్టులు చేతులు మారడం అరుదు. అరుదే గానీ అసాధ్యం కాదు. 1994 నవంబర్‌లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఇలాంటి రాత్రే డీజిల్ 8 సెకన్లలో బాబ్ బాక్లండ్‌ను ఓడించి ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. గచ్చిబౌలిలో మాత్రం అంతా అనుకున్నట్టే జరిగింది. గుంతర్ నిలిచాడు, మెకింటైర్ గెలిచాడు, సీనా, రోలిన్స్ జనాన్ని సంతోషపెట్టి పంపారు.

అంటే మనవాళ్లు మన గడ్డ మీదే ఓడారు. ఇది చాలామందిని బాధపెట్టింది, కానీ దీనికి పాత చరిత్ర ఉంది. 2023 ఫిబ్రవరిలో మాంట్రియల్‌లో శామీ జేన్ రోమన్ రీన్స్ చేతిలో ఓడినప్పుడు హాలు హాలంతా మూగబోయింది. మెకింటైర్ 2022లో కార్డిఫ్‌లో ఓడాడు, 2024లో సొంత స్కాట్లండ్‌లోని గ్లాస్గోలోనూ ఓడాడు. మరోవైపు 1992లో వెంబ్లీలో బ్రిటిష్ బుల్‌డాగ్ తన బావమరిది బ్రెట్ హార్ట్‌ను ఓడించాడు, 2011లో షికాగో జనం ముందు సీఎం పంక్ సీనాను ఓడించాడు. సొంతూరివాడి ఓటమి రేపటికి కథను మిగులుస్తుంది, గెలుపు ఆ రాత్రిని పండుగ చేస్తుంది. సంస్థకు అప్పుడు ఏది కావాలో కనిపెట్టాలి.

జిందర్ మహల్ కథ ఈ లెక్కనే తలకిందులు చేసింది. కెనడాలో పుట్టిన పంజాబీ, నెలల తరబడి టీవీలో ఓడుతూ వచ్చినవాడు, 2017 మే 21న రాండీ ఆర్టన్‌ను ఓడించి డబ్ల్యూడబ్ల్యూఈ ఛాంపియన్ అయ్యాడు. అతని కుస్తీ పట్టులు చూసినవాళ్లకు ఈ ఫలితం అందలేదు. భారత మార్కెట్ మీద సంస్థ పెట్టుకున్న ఆశలు చూసినవాళ్లకు అందింది. ఆ తర్వాతిది మాత్రం వాళ్లూ ఊహించలేదు. డిసెంబర్‌లో ఢిల్లీకి బెల్టుతో వస్తాడనుకుంటే నవంబర్‌లోనే మాంచెస్టర్‌లో ఏజే స్టైల్స్‌కు దాన్ని కోల్పోయాడు, ఢిల్లీలో ట్రిపుల్ హెచ్ చేతిలో ఓడాడు. ఆర్నెల్లు మోసిన కథను సొంతజనం ముందు అలా వదిలేయడం పొరపాటనే అనాలి.

ఇంతవరకూ లెక్కలు. లెక్కలకు లొంగనిది జనం గొంతు. 2014 జనవరిలో, ఒక్కొక్కరుగా రింగులోకి దిగే రాయల్ రంబుల్ పోటీలో ఆఖరిదైన 30వ నంబరుతో డేనియల్ బ్రయన్ వస్తాడని అంతా చూస్తుంటే రే మిస్టీరియో వచ్చాడు. ఊరూరా ప్రేమ పొందిన మిస్టీరియోను ఆ రోజు జనం ఈసడించారు, అతని తప్పేమీ లేకుండానే. గెలిచిన బటిస్టాకూ అదే మర్యాద దక్కింది. ఆ హోరుకు కథ మారక తప్పలేదు. ఏప్రిల్ 6న న్యూ ఓర్లియన్స్‌లో రెజిల్‌మేనియా 30లో బ్రయన్ ట్రిపుల్ హెచ్‌నూ, ఆ తర్వాత ఆర్టన్, బటిస్టాలున్న పోటీనీ గెలిచి బెల్టులు ఎత్తాడు. దాన్ని చాలామంది ముందే చెప్పారు. అదే కార్డులో అంతకు ముందు జరిగినదాన్ని మాత్రం దాదాపు ఎవరూ చెప్పలేదు. రెజిల్‌మేనియాలో 21 పోటీలు ఆడి ఒక్కటీ ఓడని అండర్‌టేకర్ లెస్నర్ మూడోసారి ఎఫ్5 పట్టుతో విసిరాక లేవలేదు. తెరమీద 21-1 అని పడింది. జనంలో ఒకతను కళ్లు విప్పార్చి నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు, ఆ ముఖం ప్రపంచమంతా తిరిగింది.

జనం గొంతును, క్యాలెండర్‌ను, కథను కలిపి చదవాల్సిన కేసు కోడీ రోడ్స్‌ది. తండ్రి డస్టీ రోడ్స్ ఎంత పేరున్నవాడైనా ఈ సంస్థలో ప్రపంచ బెల్టు గెలవలేదు. కొడుకు 2016లో బయటికెళ్లి, ఏఈడబ్ల్యూ సంస్థ పెట్టినవాళ్లలో ఒకడై, 2022లో తిరిగొచ్చాడు. ఆ జూన్‌లో ఛాతీ కండరం చిరిగిపోయి, రొమ్ము నుంచి చేయిదాకా నల్లబడి, నేరేడుపండు రంగుకు తిరిగిన ఒంటితోనే హెల్ ఇన్ ఎ సెల్‌లో రోలిన్స్‌తో తలపడి గెలిచాడు. 2023 రంబుల్‌లో 30వవాడిగా వచ్చి గెలిచాడు. ఎదుట 2020 ఆగస్టు నుంచి బెల్టు వదలని రోమన్ రీన్స్. ఇంటర్వెల్‌లో దెబ్బతిన్న హీరో క్లైమాక్స్‌లో లేస్తాడని తెలిసిన తెలుగు ప్రేక్షకుడికి ఈ కథలో సందేహమే లేదు. 2023 ఏప్రిల్ 2న లాస్‌ఏంజెలెస్ పక్కన సోఫై స్టేడియంలో రెజిల్‌మేనియా. మనకది సోమవారం తెల్లవారుజాము. అలారం పెట్టుకుని లేచినవాళ్ల కళ్లముందే రెఫరీ చూడని క్షణంలో రీన్స్ మనిషి సోలో సికోవా బొటనవేలు కోడీ గొంతులో దిగింది. రీన్స్ గెలిచాడు.

కోపం వచ్చింది, రావాల్సిందే. కానీ అంచనా వేసినవాళ్లు మనిషిని సరిగ్గానే చదివారు, ఏడాది తప్పారు. 2024లో మరో మలుపు. ద రాక్ తిరిగొచ్చి రీన్స్ ఎదుట కోడీ చోటు తీసుకోబోయాడు. జనం ఊరుకోలేదు. "కోడీ కావాలి" అన్న కేక హాళ్లలో మోగింది, వారం తిరగకుండానే లాస్‌వేగాస్ విలేకరుల సమావేశంలో కథ దారి మార్చుకుంది. ఏప్రిల్ 7న ఫిలడెల్ఫియాలో కోడీ గెలిచేసరికి రీన్స్ 1,316 రోజులుగా ఛాంపియన్. 2023లోనే ఇచ్చి ఉంటే బాగుండేదా అని నేటికీ వాదనే. ఫిలడెల్ఫియా ముగింపు చూసినవారు, సీనా, అండర్‌టేకర్ ఒకరి తర్వాత ఒకరు వచ్చి లెక్కలు సరిచేసిన ఆ చివరి పది నిమిషాలు చూసినవారు, ఆలస్యమే మేలైందని అనడంలో తప్పులేదు. ఎవరు అన్నది కార్డు చెబుతుంది. ఎప్పుడు అన్నది పట్టుకోవడమే కష్టం, ఈ విద్యలో అసలు నైపుణ్యమూ అక్కడే ఉంది.

అందుకే మంచి జోస్యుడు ప్రతి పోటీకి రెండు పేర్లు రాస్తాడు. ఎవరు గెలవాలి, ఎవరు గెలుస్తారు. మొదటిది అతని అభిరుచి, రెండోది సంస్థ గురించి అతనికున్న జ్ఞానం. రెండు పేర్లూ ఒకటైతే రాసేవాళ్లు బాగా పనిచేస్తున్నారని అర్థం.

2025 డిసెంబర్ 13న వాషింగ్టన్‌లో ఈ రెండు పేర్లూ చీలిపోయాయి. జాన్ సీనా ఆఖరి మ్యాచ్, ఎదుట గుంతర్. వెళ్లిపోయేవాడు ఉండేవాడికి గెలుపు ఇచ్చి పోవడం ఈ వృత్తిలో పాత ఆచారం. 2008లో రిక్ ఫ్లెయిర్ షాన్ మైకేల్స్‌కు ఇచ్చాడు, 2010లో మైకేల్స్ అండర్‌టేకర్‌కు ఇచ్చాడు. ఏఈడబ్ల్యూలో స్టింగ్‌లాగా 2024లో గెలిచి తప్పుకున్నవాళ్లూ ఉన్నారు. సీనా గెలవాలని జనం కోరుకున్నారు, గుంతర్ గెలుస్తాడని క్యాలెండర్ చెప్పింది. ఓటమి ఖాయమనుకున్నవాళ్లు కూడా అది వచ్చిన తీరు ఊహించలేదు. ఓటమి ఒప్పుకోనని ఏళ్ల తరబడి చెబుతూ వచ్చిన మనిషి స్లీపర్ పట్టులో చేత్తో తట్టి ఒప్పుకున్నాడు. హాలు హాలంతా నిరసనతో హోరెత్తింది. గుంతర్‌కు గెలుపు ఇవ్వడం సరైన నిర్ణయమే. సీనా లేని కార్డుల మీద వచ్చే అయిదేళ్లూ ఉండాల్సినవాడు అతనే, సీనాను లొంగదీసినవాడన్న పేరు అతను ఎక్కడికెళ్లినా టికెట్లు అమ్మిపెడుతుంది. కానీ భుజాలు నేలకు ఆనించి మూడు లెక్కపెట్టినా ఆ పని జరిగేది. చెయ్యి తట్టించడం అవసరమా అన్నదాని మీద అభిమానులు ఇంకా రెండుగా చీలే ఉన్నారు.