దమ్ము పట్టుడు

సంచికకు ఏదైనా వ్రాసి పంపమని విద్యార్థి సంఘం కార్యదర్శి బాన్సువాడకు ఫోన్ చేశాడు. "మీ కాలం నాటి హాస్టల్ కబుర్లు వ్రాయండి సార్, కాస్త నవ్వుకునేట్టు ఉంటే మంచిది" అన్నాడు. హాస్టల్ పప్పుచారు మీద యాభై ఏళ్లుగా ప్రతి సంచికలోనూ ఎవరో ఒకరు వ్రాస్తూనే ఉన్నారు. దాన్ని ఇంకా పలచన చేయటం నా చేత కాదు. అందుకని ఈసారికి వేరే నీళ్లలోకి దిగుతాను. మధ్యలో నవ్వు ఆగిపోతే కార్యదర్శి నన్ను క్షమించాలి.

మొన్న దసరాకు మా చెల్లెలి మనుమడు బెంగుళూరు నుంచి వచ్చాడు. పిల్లవాడికి ఇరవై ఆరేళ్లు. వాడి సామాన్లలో బట్టల కంటే యంత్రాలు ఎక్కువ. అందులో ఒకటి చిన్న సొరచేప పిల్లంత ఉంది. ముందు పిడి, వెనుక జాలీలో తిరిగే రెక్క, లోపల బ్యాటరీ.

"ఏందిరా ఇది?"

"స్కూటర్ తాతా!"

స్కూటరంటే బజాజ్ చేతక్ అనుకునే తరం నాది. దీనికి చక్రాల్లేవు, వెనుక సీటూ లేదు. నీళ్లలో దీన్ని పట్టుకుంటే మనిషిని లాక్కుపోతుందట. దాని నెత్తిన కెమెరా బిగించుకుని, వీపున గాలి సిలిండరు లేకుండా, ఒక్క దమ్ము మీద సముద్రంలోకి దిగి మునిగిన ఓడలను చూసి రావటం మావాడి సరదా. దీనికి ఫ్రీడైవింగ్ అని పేరు. మా బాన్సువాడలో దీన్నే 'దమ్ము పట్టుడు' అంటాం.

ముందు వాడి కెమెరా పనితనం చూద్దామని నిజాంసాగర్ కాలువలో ముంచి చూశాం. టీ కప్పులోకి తొంగిచూసినట్టు కనిపించింది. మంజీర నీళ్లు అంతే. 1931లో పూర్తయినప్పుడు నిజాంసాగర్‌లో దాదాపు 30 టి.ఎం.సి.ల నీళ్లు పట్టేవి. ఒండ్రు మేట వేసి, 1970ల నాటికి అది 12 టి.ఎం.సి.ల లోపుకు దిగిపోయింది. ఆ నీళ్ల కింద మునిగిన పల్లెలు కూడా ఉన్నాయి. కానీ ఏ కెమెరాకూ దొరకకుండా మట్టి వాటిని కప్పేసింది. "మన దగ్గర ఓడలు లేవురా, ఊర్లున్నయి. అవి గూడ కనబడయి" అన్నాను.

ఇంటికొచ్చాక వాడు ఫోన్లో తన సినిమా చూపించాడు. ఓడ పేరు లిబర్టీ. అమెరికా సైన్యం సరుకుల ఓడ. 1942 జనవరిలో జపాన్ జలాంతర్గామి టార్పెడో తగిలితే, మునిగిపోకుండా బాలి దీవిలోని తులాంబెన్ ఒడ్డుకు లాగి అక్కడే వదిలేశారు. ఇరవై ఏళ్ల పైన ఆ ఒడ్డునే తుప్పు పట్టింది. 1963లో ఆగుంగ్ అగ్నిపర్వతం పేలినప్పుడు నేల అదిరి సముద్రంలోకి జారిపోయింది. ఇప్పుడు ఒడ్డు నుంచి ఈదుకుంటూ పోగలిగినంత దగ్గరలో, దాని పై భాగం కొద్ది మీటర్ల లోతునే ఉంది. అడుగు 30 మీటర్ల దాకా పోతుంది.

నిజం చెప్పాలంటే అంత అందమైన దృశ్యం నేను చూడలేదు. ఇనుప పక్కటెముకల మీద పగడాలు మొలిచాయి. బుడగల చప్పుడు లేదు గనుక చేపలు మావాణ్ణి చూసి బెదరలేదు. పైన అంతా నీలం. దీపం వేస్తే తప్ప ఎరుపు కనిపించదు, ఎందుకంటే మొదటి పది మీటర్లలోనే నీరు ఎర్రని కాంతిని మింగేస్తుంది. వాడు ఒక చేత్తో స్కూటరు పట్టుకుని, రెండో చేత్తో ముక్కు మూసుకుని చెవుల్లోకి గాలి నెడుతూ దిగుతున్నాడు. ఆ పని వెనుకబడితే కర్ణభేరి చిరుగుతుంది. స్కూటరు వేగం ఆ పని కోసం ఆగదు, మనిషే దాన్ని ఆపాలి.

బాయిల్ సూత్రాన్ని మనం పరీక్ష కోసం బట్టీ పట్టాం. ఆ సినిమాలో అది మనిషి ఛాతీ మీద కనిపిస్తోంది. పది మీటర్ల లోతున పీడనం రెండు వాతావరణాలు. పైన ఆరు లీటర్లున్న ఊపిరితిత్తుల గాలి అక్కడ మూడు లీటర్లు. ముప్ఫై మీటర్ల దగ్గర ఒకటిన్నర. కొంత లోతు దాటాక మనిషి తేలడు, రాయిలా దానంతట అదే కిందికి పోతాడు. 1976లో జాక్ మయోల్ అనే ఫ్రెంచి ఆయన బరువు కట్టిన బండి పట్టుకుని ఒక్క శ్వాసతో వంద మీటర్లు దిగి వచ్చాడు. అంత లోతున ఛాతీ నలిగిపోతుందని అంతకు ముందు డాక్టర్లు భయపడేవారు.

"మన సముద్రంల గూడ ఓడ ఉందట తాతా. విశాఖపట్నం కాడ ఘాజీ. ఒక్కసారి పోవాలె" అన్నాడు వాడు.

"గది చూసేటందుకు గాదు బిడ్డా, గది సమాధి" అన్నాను.

1971 డిసెంబరులో నేను హాస్టల్లో ఉన్నాను. యుద్ధం రోజులు. భోజనం పళ్లేలు పట్టుకునే రేడియో చుట్టూ మూగేవాళ్లం. 3వ తేదీ అర్ధరాత్రి దాటాక విశాఖ దగ్గర పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది. అది అమెరికావాళ్లు 1945లో తమ నౌకాదళంలో చేర్చుకుని, 1964లో పాకిస్తాన్‌కు ఇచ్చిన పాత జలాంతర్గామి. మన విక్రాంత్‌ను వెతుక్కుంటూ వచ్చింది. మన నేవీ డైవర్లు దిగి, మునిగింది అదేనని తేల్చిన తర్వాత 9వ తేదీన ప్రకటన వచ్చింది. రాజపుత్ నౌక వేసిన పేలుడు గుండ్ల వల్ల మునిగిందని మనవాళ్లు, ప్రమాదవశాత్తూ పేలిపోయిందని వాళ్లు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. లోపల ఉన్న తొంభై మందికి పైగా నావికుల్లో ఒక్కరూ బయటపడలేదు. 2024లో మన నేవీ తన కొత్త రక్షణ వాహనంతో ఆ శిథిలాన్ని మళ్లీ చూసింది. చనిపోయినవారి మీద గౌరవంతో ముట్టుకోకుండా వదిలేసింది.

ఆ రోజు హాస్టలంతా కేకలు పెట్టింది. నేనూ కేక పెట్టాను. కానీ రాత్రి నిద్ర పట్టలేదు. నీళ్ల అడుగున ఉన్న మనుషుల సంగతి నన్ను అంతకు ఏడాది ముందు నుంచే వెంటాడుతోంది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

"సరే గాని, నువ్వు ఓడ కాడికి దిగినప్పుడు పైన ఎవరున్నరు?" అని మనుమణ్ణి అడిగాను.

"దోస్తు ఉన్నడు తాతా. వాడు అవుతల చేపల ఫోటోలు తీస్తుండె."

"అంటే ఎవ్వరు లేరు."

వాడు మాట్లాడలేదు. కాసేపటికి ఇంకో సినిమా తీశాడు. "ఇది అమ్మకు చూపెట్టలే" అన్నాడు.

అదే ఓడ. వాడు పైకి వస్తున్నాడు. వెలుతురు పెరుగుతోంది. నీటి అంచు కనిపిస్తోంది. అంతలో కెమెరా పక్కకు ఒరిగింది. గుండ్రంగా తిరిగింది. ఆకాశం, నీళ్లు, మళ్లీ ఆకాశం. పట్టుకున్న చెయ్యి జారిపోయింది గాని కెమెరా తన పని తాను చేస్తూనే ఉంది. ఎవరో పరాయి దేశపు అమ్మాయి, మావాడి దోస్తు కాదు, దారిన పోతున్న మనిషి, వాడి గడ్డం పట్టి ముఖం నీళ్ల పైకి ఎత్తింది. మాస్కు లాగేసింది. ముఖం మీద ఊదింది. పేరు తెలియదు గనుక 'శ్వాస తీసుకో, శ్వాస తీసుకో' అని ఇంగ్లీషులో అరిచింది. లెక్క పెట్టాను. పదకొండు సెకన్ల తర్వాత మావాడు దగ్గాడు.

"నాకేం గుర్తు లేదు తాతా. కెమెరాల చూసినంకనే తెల్సింది."

అప్పుడు నేను యాభై ఏళ్లకు పైగా ఎవరికీ విడమరచి చెప్పని సంగతి వాడికి చెప్పాను. మీకూ చెబుతున్నాను.

మా వాడలో చేదబావిలో బిందె పడితే ముందు పాతాళగరిగె వేసి వెతికేవారు. దానికి దొరక్కపోతే చేపలు పట్టే ఒక ముసలాయనను పిలిచేవారు. ఆఠానా తీసుకునేవాడు. నడుముకు తాడు కట్టుకుని, రెండో కొస పైనున్న మనిషి చేతికి ఇచ్చి, అతనితో నాలుగు మాటలు మాట్లాడి గాని దిగేవాడు కాదు. దిగే ముందు మామూలుగా ఒక్క దమ్ము తీసేవాడు, అంతే. మేం కప్పల్లా బుగ్గలు పూరించి ఊదుతుంటే కోప్పడేవాడు. "ఎక్కువ ఊదకుర్రి. ఊదినోన్ని నీళ్లు మోసం జేస్తయి" అనేవాడు. ముసలాయన చాదస్తం అనుకున్నాం.

1970 ఎండాకాలం. నేనూ నా మిత్రుడూ ఆ యేడు కలిసి కాలేజీలో చేరాలి. ఊరి బయట మోటబావిలో మధ్యాహ్నాలు ఈత. పందెం ఏమిటంటే ఎవరు ఎక్కువసేపు నీళ్లలో దమ్ము పడతారా అని. మావాడు ఒక కిటుకు కనిపెట్టాడు. మునిగే ముందు ఇరవై ముప్ఫై సార్లు గబగబా గాలి పీల్చి వదిలితే చాలాసేపు ఊపిరి ఆడాలనే అనిపించదని. నిజంగానే గెలుస్తూ వచ్చాడు. నాలుగోసారి మునిగాడు. మేం మెట్ల మీద కూర్చుని గట్టిగా లెక్కపెడుతున్నాం. వంద దాటింది. నూట ఇరవై దాటింది. వాడి కొత్త రికార్డు అని మేం చప్పట్లు కొట్టాం.

ఆ చప్పట్ల వేళకు వాడికి స్పృహ లేదు.

బయటికి తీసి, పేరు పెట్టి పిలిచాం. చాలాసేపు పిలిచాం. గంగమ్మ పట్టుకుందని ఊళ్లో అన్నారు. నాచులో కాలు చిక్కిందని కొందరన్నారు. వాళ్లమ్మ నన్ను ఏమీ అనలేదు. "ఆఖరుకు ఏమన్న అన్నడా బిడ్డా?" అని మాత్రం అడిగింది. ఏమీ అనలేదని చెప్పటానికి నాకు నోరు రాలేదు.

కాలేజీలో చేరాక ఒక రోజు జువాలజీ లెక్చరర్ గారిని, ఎవరికి జరిగిందో చెప్పకుండా, ఇట్లా ఎందుకు అవుతుందని అడిగాను. ఆయన బోర్డు మీద వేసి చూపించారు. ఊపిరి తీసుకోవాలనే తహతహ ముఖ్యంగా ప్రాణవాయువు తగ్గినందుకు కలగదు, బొగ్గుపులుసు వాయువు పెరిగినందుకు కలుగుతుంది. గబగబా ఊదితే ప్రాణవాయువు పెద్దగా పెరగదు, బొగ్గుపులుసు వాయువు మాత్రం బయటికి పోతుంది. అంటే గంట కొట్టే కాపలావాణ్ణి మనమే బయటికి పంపేస్తాం. ప్రాణవాయువు అయిపోతున్నా గంట మోగదు. మనిషి హాయిగా ఉన్నాననుకుంటూనే స్పృహ కోల్పోతాడు. ఈ సంగతిని ఆల్బర్ట్ క్రెయిగ్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు 1961లోనే ప్రచురించాడని తర్వాత చదివాను. మావాడు పోవటానికి తొమ్మిదేళ్ల ముందు. మా మోటబావి దాకా ఆ మాట రాలేదు. రాలేదని అనటం కూడా తప్పే, ముసలాయన రోజూ చెప్పాడు గదా!

సముద్రంలో ఇంకో మెలిక ఉంది. లోతులో పీడనం వల్ల ఉన్న కాస్త ప్రాణవాయువే సరిపోయినట్టు అనిపిస్తుంది. పైకి వస్తుంటే పీడనం పడిపోతుంది. ఆఖరి పది మీటర్లలో అది సగం అవుతుంది. అందుకే చాలామంది అడుగున కాదు, వెలుతురు కనిపించాకే, ఒక్కోసారి తల బయటపెట్టాకే స్పృహ తప్పుతారు. స్కూటరుతో కాళ్లకు శ్రమ లేదు గనుక ఎంత దూరం పోయామో ఒంటికి తెలియదు. అడుగున బ్యాటరీ ఆగితే తిరుగు ప్రయాణం మాత్రం కాళ్ల మీదే. ఇక కెమెరా ఉన్నవాడికి ఇంకొక్క ఫోటో, ఇంకొక్క ఫోటో. ఓడ గదుల్లోకి దూరితే తీగలూ వలలూ సరేసరి.

దీనికి విరుగుడు కొత్తదేమీ కాదు. మన్నార్ సింధుశాఖలో ముత్యాల కోసం రాయి పట్టుకుని దిగేవాడి తాడు పడవలోని ఒక మనిషి చేతిలో ఉండేది. జపాన్‌లో 'అమా' స్త్రీలు లోతుకు దిగితే తాడు పట్టుకుని పడవలో ఉండేది తరచు వాళ్ల భర్తలే. నేటి ఫ్రీడైవింగ్ గురువులు కూడా ఒకరు కింద ఉంటే ఒకరు పైన ఉండాలంటారు. వచ్చినవాణ్ణి తల బయటపెట్టాక కూడా కనీసం అర నిమిషం కళ్లార్పకుండా చూడాలంటారు. మా ముసలాయన ఆఠానాకు చేసిన పని ఇదే.

ఇదంతా విని మనుమడు చాలాసేపు ఊరుకున్నాడు. మానేస్తానని అనలేదు. నేనూ మానెయ్యమనలేదు. నీళ్ల మీద ఆశ ఎట్లాంటిదో నాకు తెలియనిది కాదు. పోయేటప్పుడు మాత్రం, "ఆ దోస్తుకు గీ కథ చెప్త తాతా" అన్నాడు. నెల తర్వాత ఒక ఫోటో పంపాడు. ఓడ లేదు, చేపలు లేవు. నీళ్ల అడుగు నుంచి పైకి తీసిన ఫోటో. అంత వెలుతురులో ఒక మనిషి నీడ, ముఖం కిందికి పెట్టి, కదలకుండా కనిపెట్టుకుని ఉంది. కింద 'పైన మనిషి ఉన్నడు' అని వ్రాశాడు.

విద్యార్థి మిత్రులారా, సెలవులకు మీరు కాలువలకూ చెరువులకూ పోతారు. పోవద్దంటే వినే వయసు కాదు, నేనూ వినలేదు. గబగబా ఊది మునగకండి. ఒక్కరే దిగకండి. మీ వంతు కానప్పుడు మెట్ల మీద కూర్చుని లెక్కలు పెట్టకండి, మనిషిని చూడండి. చప్పట్లు వాడు పైకి వచ్చి, రెండు మాటలు మాట్లాడిన తర్వాత కొట్టండి.