ఎదురింటి తలుపు

2022 డిసెంబరు. అమెరికాలోని బఫలో నగరంలో నా ఎం.ఎస్. మొదటి సెమిస్టర్ అప్పుడే అయిపోయింది. యూనివర్సిటీ సౌత్ క్యాంపస్ దగ్గర, మెయిన్ స్ట్రీట్ పక్క వీధుల్లో పాత చెక్క ఇళ్లుంటాయి. మన పిల్లలు చాలామంది అక్కడే అద్దెకు దిగుతారు. ఒక ఇంటి పై అంతస్తులో నేనూ, వరంగల్ నుంచి వచ్చిన నా రూమ్మేటూ ఉండేవాళ్లం. నాది ఒంగోలు. నవంబరులో ఊరికి దక్షిణాన ఆర్చర్డ్ పార్క్ వైపు ఆరడుగులకు పైగా మంచు పడింది. మా వైపు అంత పడలేదు. అందుకే రెండో తుపాను వస్తోందంటే మాకు పెద్దగా భయం వేయలేదు.

డిసెంబరు 23, శుక్రవారం. పొద్దున వాన. కాసేపటికే గాలి మారి, వాననీళ్లు రోడ్డు మీదే గడ్డకట్టాయి. తొమ్మిదిన్నరకు కౌంటీలో వాహనాలు తిరగకూడదన్నారు. ఊరి పక్కనున్న ఎరీ సరస్సు అప్పటికింకా గడ్డకట్టలేదు. చలిగాలి ఆ నీటి మీదుగా వస్తూ ఆవిరిని లాక్కుని, ఊరి మీద మంచుగా కురిపిస్తుంది. మధ్యాహ్నానికల్లా ఎదురిల్లు కనిపించడం మానేసింది. సాయంత్రం కరెంటు పోయింది. ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసు గ్యాసుతో నడిచేదే. కానీ దాని ఫ్యాను తిరగాలంటే కరెంటు కావాలి. అదీ ఆగిపోయింది.

24, శనివారం. కిటికీ దగ్గర పెట్టిన సీసాలో నీళ్లు పైన పొరకట్టాయి. రూమ్మేటుకు ఉబ్బసం. చలికి పిల్లికూతలు మొదలయ్యాయి. ఇన్‌హేలర్ అయిపోవస్తోంది. అత్యవసర నంబరు 911కి ఫోన్ చేశాను. అడ్రసు రాసుకున్నారు. అంబులెన్సులు కదలలేకపోతున్నాయని, ఎప్పుడొస్తాయో చెప్పలేమని అన్నారు. ఫోన్ పెట్టాక నా చేతుల వణుకు ఆపుకోలేకపోయాను. గ్యాస్ స్టవ్ వెలిగించుకుని దాని ముందు కూర్చుందామన్నాను. "వద్దురా, బందు చెయ్. ఇల్లంత మూసి ఉంది, సచ్చిపోతం" అన్నాడు వాడు. నిజమే. కార్బన్ మోనాక్సైడ్ చేరితే వాసన కూడా రాదు. పాలు కాచుకుని ఆర్పేశాం. అమ్మ ఫోన్ చేస్తే, కరెంటుంది, పప్పన్నం తిన్నామని అబద్ధం చెప్పాను. తర్వాత బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను. వాడి ముందు ఏడవడానికి సిగ్గేసింది.

చీకటి పడ్డాక, మంచు కాస్త పలచబడినప్పుడు, ఎదురింటి కిటికీలోంచి టార్చిలైటు ఆరుతూ వెలుగుతూ కనిపించింది. వీధిలో వాళ్ల వైపు కరెంటు పోలేదు. మా ఇంట్లో దీపం లేదని వాళ్లే గమనించారు. ఆ ఇంట్లో ఒక పెద్దావిడ, ఆవిడ కొడుకు ఉంటారు. అంతవరకు వాళ్లతో తల ఊపడమే తప్ప మాటల్లేవు. నేను ఫోన్ లైటు ఊపాను. కాసేపటికి ఆ కొడుకు మా మెట్ల దగ్గరికొచ్చాడు. వాళ్ల వరండా స్తంభానికి కట్టిన తాడు రెండో కొస నడుముకు చుట్టుకుని ఉన్నాడు.

ఆ తాడు పట్టుకుని రోడ్డు దాటాం. దాటాల్సింది చిన్న వీధే. మధ్యలోకి వచ్చేసరికి ముందు నడుస్తున్న మనిషి వీపు కూడా కనిపించలేదు. మంచు నడుము దాకా ఉంది. ఊపిరి పీలిస్తే ముక్కులో గుచ్చుకునేది. వెనక రూమ్మేటు దగ్గు వినిపిస్తున్నంతసేపే నాకు ధైర్యం. ఒకసారి ఆ దగ్గు ఆగింది. పేరు పెట్టి అరిచాను. "వస్తున్న" అన్నాడు.

లోపలికి వెళ్లగానే నా వేళ్లు వేణ్నీళ్లలో పెట్టబోయాను. పెద్దావిడ చెయ్యి పట్టుకుని ఆపేసింది. గోరువెచ్చని నీళ్లు గిన్నెలో పోసి, మొద్దుబారిన వేళ్లను తనే అందులో ముంచింది. రూమ్మేటును వేడిగాలి వచ్చే జాలీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టింది. వాడి ఊపిరి కుదుటపడేదాకా ఎదురుగానే కూర్చుంది.

25, ఆదివారం. క్రిస్మస్. వాళ్ల బల్ల మీద మాకూ రెండు పళ్లేలు పెట్టారు. అమ్మకు ఫోన్ చేసి నిజం చెప్పాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. "ఆవిడకి నా దండాలని చెప్పు నాయనా" అంది.

26, సోమవారం రాత్రి మాకు కరెంటొచ్చింది. వాహనాల మీద నిషేధం ఊరంతటా తొలగేసరికి గురువారమైంది. విమానాశ్రయం దగ్గర నాలుగడుగులకు పైగా మంచు కొలిచారు. బఫలో పరిసరాల్లో 47 మంది పోయారు. కొందరు కార్లలో, కొందరు వేడి లేని ఇళ్లలో, కొందరు మంచు తవ్వుతూ. ఆ జాబితాలో మా పేర్లు లేవంటే ఆ తల్లీకొడుకుల వల్లే. ఇప్పటికీ రాత్రి గాలి గట్టిగా వీస్తే నాకు మెలకువ వస్తుంది.

చలిదేశానికి చదువుకు వెళ్లే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒకటే చెబుతాను. మందులు రెండు వారాలకు సరిపడా ఉంచుకోండి. పవర్‌బ్యాంకు నింపి పెట్టుకోండి. అంతకంటే ముందు, దిగిన మొదటి వారంలోనే ఇరుగుపొరుగు తలుపులు తట్టండి. మీ పేరు చెప్పి, వాళ్ల నంబరు అడిగి తీసుకోండి. అంబులెన్సు రాలేని రోజున రాగలిగేది వాళ్లే.