మోతితో మంజీర దాకా



మొన్న ఒక ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత మా సంఘంలోని ఒక తమ్ముడు నన్ను గుడి మెట్ల మీద ఆపాడు. "సారూ, సెలవులకు పిల్లలొస్తున్నరు. కుక్కను తీసుకొని మంజీర దాకా నడిచి పోదామంటున్నరు. మీరు పోతుంటరు గదా, ఏమేం చూసుకోవాలె?" అని అడిగాడు. నాకు తెలిసింది చెప్పాను. కాని అది నేను ఎలా నేర్చుకున్నానో చెప్పలేదు. ఆ సంగతి చెప్పకపోతే నా మాట సగం మాటే అవుతుంది గనుక మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

నేను బడి పంతులుగా పనిచేసి విశ్రాంతి తీసుకొని న్యాల్‌కల్‌లోనే ఉంటున్నాను. 2019లో నా భార్య ప్రభువు సన్నిధికి చేరింది. ఆ తరువాత ఇల్లు నాకు చాలా పెద్దదై పోయింది. ఒంట్లో చక్కెర కూడా పెరిగింది. రోజూ నడవాలని డాక్టరు చెప్పాడు. ఒంటరిగా నడవడానికి నా కాళ్లు కదలలేదు. మా అమ్మాయి ఒక కుక్కపిల్లను తెచ్చి, "బాపూ, నువ్వు దీన్ని నడిపించకున్నా ఇది నిన్ను నడిపిస్తది" అని ఒళ్లో పెట్టింది. అదే మోతి. అమ్మాయి చెప్పినట్టే జరిగింది. తెల్లవారక ముందే వచ్చి మంచం పట్టె గోకేది. నేను లేచేవాణ్ణి. ఇద్దరం శెనగ చేల గట్ల వెంట, కంది చేల నడుమ బండ్ల బాట వెంట నడిచేవాళ్లం.

ఒక్క పని మాత్రం చేయలేదు. మోతికి రేబిస్ టీకా వేయించలేదు. కుక్కపిల్లకు మూడు నెలల వయసులో మొదటి టీకా వేయించాలని నాకు తెలుసు. బడిలో పిల్లలకు చెప్పినవాణ్ణే! రేపు, ఎల్లుండి అంటూ వాయిదా వేశాను. ఇంట్లో పెరిగే కుక్కకు ఏమొస్తుందిలే అనుకున్నాను.

2022 జనవరిలో సంక్రాంతి సెలవులకు హైదరాబాదు నుండి మనుమడు వచ్చాడు. వాడికి అప్పుడు పదకొండేళ్లు. చద్ది కట్టుకొని మోతితో పొలాలకు బయలుదేరాం. ఊరు దాటగానే వాడు, "పాపం తాతా, ఇక్కడ కూడా తాడెందుకు?" అన్నాడు. నిజమే గదా అని విప్పేశాను.

ఒక కోసిన చేనులో గొర్ల మంద మేస్తున్నది. మోతి చెవులు నిలబెట్టింది. నేను పిలిచేలోగానే ఉరికింది. మంద చెల్లాచెదరైంది. కాపరి కూతురు, తొమ్మిదేళ్ల పిల్ల, ఒక గొర్రెపిల్లను కాపాడబోయి కట్టెతో అడ్డం నిలిచింది. మోతి ఆ పిల్ల ముంజేయి కరిచింది. రెండు పంటి గాట్లు. నెత్తురు కారింది.

కాపరి ఉరికి వచ్చాడు. బిడ్డ చేయి పట్టుకొని నా మొహం చూసి ఒకటే అడిగాడు. "సారూ, కుక్కకు సూదులు ఏయించిండ్రా?"

"ఏయించినం. ఏం భయం లేదు" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకు తెలియదు. అబద్ధమాడుదామని ఆలోచించింది లేదు. పంతులు అన్న పేరు పోతుందన్న భయం నాకంటే ముందే నోరు తెరిచింది. ఆయన నన్ను నమ్మాడు. గాటు మీద పసుపు అద్ది, గుడ్డ కట్టి, మందను పోగేసుకోవడానికి పోయాడు.

మేము ఇంటికి తిరిగి వచ్చాం. మనుమడు దారంతా మాట్లాడలేదు. గడప దగ్గర అడిగాడు. "తాతా, మోతికి సూది ఎప్పుడు ఏయించినవ్?"

"ఏయించలేదు నాయినా."

"మరి ఏయించినమన్నవ్ గదా?"

నలభై ఏళ్లు పిల్లల తప్పులు దిద్దినవాణ్ణి. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. నేను చిన్నగా ఉన్నప్పుడు మా చిన్నాయిన కొడుకును పిచ్చికుక్క కరిస్తే పొట్ట చుట్టూ పద్నాలుగు సూదులు పొడిచారు. వాడి ఏడుపు ఇప్పటికీ చెవిలో ఉంది. అయినా వాడు బతికాడు. సూదులు పడనివాళ్ల సంగతి కూడా ఆ రోజుల్లో విన్నాను. రేబిస్ లక్షణాలు కనబడిన తరువాత మనిషి దక్కడం దాదాపు లేదు. ఒక పిల్ల ప్రాణం నా ఒక్క మాట మీద ఆధారపడి ఉంది. ఆ మాట అబద్ధం.

పక్కింటివాళ్ల బండి ఎక్కి తిరిగి పోయాను. కాపరి ముందు నిలబడి, "తమ్మీ, నేను బొంకిన. సూదులు ఏయించలేదు. బిడ్డను దవాఖానకు తీస్కపోదాం పా" అన్నాను. ఆయన చాలాసేపు నన్నే చూశాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

బోరు దగ్గర గుడ్డ విప్పి, పారే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగాం. జహీరాబాద్ సర్కారు దవాఖానలో గాటు చుట్టూ మందు ఎక్కించి, రెండు చేతులకు టీకా వేశారు. మళ్లీ 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు రావాలని చీటీ మీద రాశారు. పసుపు, సున్నం, కారం ఏదీ గాటు మీద పెట్టవద్దని, సబ్బు నీళ్లే మొదటి మందని డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ 1885లో ఒక తొమ్మిదేళ్ల పిల్లవాడికి మొదటిసారి ఈ టీకా ఇచ్చాడని నేను బడిలో ఎన్నిసార్లు చెప్పానో! పొట్టలో పొడిచే ఆ పాత టీకాను మన దేశంలో 2005 నాటికి మానేశారు. ఇప్పుడు భుజానికి చిన్న సూదులే. మనం పోవడమొక్కటే మిగిలింది.

కరిచిన కుక్కను పది రోజులు కట్టేసి చూడాలి. ఆ పది రోజులూ అది ఆరోగ్యంగా ఉంటే, కరిచిననాడు దానికి రేబిస్ లేదన్నమాట. అయినా ఆ పది రోజులు ఆగి టీకా వేయిస్తామనకూడదు, టీకా ఆ రోజే మొదలుపెట్టాలి. నేను మోతి ముందు నీళ్ల గిన్నె పెట్టి, తాగుతుందా లేదా అని చూస్తూ కూర్చునేవాణ్ణి. రాత్రులు లేచి లాంతరు పట్టుకొని చూసేవాణ్ణి. ఆ రాత్రుల్లో నా ప్రార్థన కుక్క కోసం కాదు.

28వ రోజు వచ్చేసరికి మంద మా ఊళ్లో లేదు. కాపరులు మేత వెంట నడుస్తారు గదా. ఝరాసంగం వైపు పోయారని ఒకరు, రాయికోడ్ దారి పట్టారని మరొకరు చెప్పారు. రెండు పల్లెలు తిరిగి, మూడో ఊరి బయట మందను పట్టుకున్నాను. ఆ పిల్ల నన్ను చూసి తానే లేచి వచ్చింది. ఆఖరు సూది పడింది. తిరిగి వచ్చే దారిలో కాపరి అన్నాడు. "సారూ, నాకు కోపమొచ్చిన మాట నిజమే. కుక్క కరిసినందుకు గాదు. కుక్కన్నంక కరుస్తది. నువ్వు బొంకినందుకు కోపమొచ్చింది. మల్ల నువ్వే తిరిగొస్తివి గాబట్టి పోయింది."

చదువరులారా, కుక్కతో పొలం బాట పట్టడానికి నా ఏర్పాట్లు అక్కడి నుండి మొదలయ్యాయి. మీకు పనికివస్తాయని చెబుతున్నాను.

మొదట టీకా. మోతికి మొదటి టీకాను ఆ పది రోజులు గడిచిన మరునాడే వేయించాను. ప్రతి సంవత్సరం పశువుల డాక్టరు చెప్పిన తేదీకి మళ్లీ వేయిస్తాను. ఆ కార్డు నా చొక్కా జేబులో ఉంటుంది.

రెండవది తాడు. ఊళ్లోనే కాదు, పొలంలో కూడా విప్పను. మంద కనబడితే దారి వదిలి గట్టు మీద కూర్చుంటాం. మంద దాటిపోయిన తరువాతే లేస్తాం. ఇది కాపరి నేర్పిన పద్ధతి. నెమళ్లున్నచోట కూడా తాడు బిగించి పట్టాలి. వాటికి 1972 నాటి వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. అడవి పందుల కోసం కొన్ని చేల చుట్టూ కరెంటు తీగలు పెడుతున్నారు. కాబట్టి తెలియని చేనులోకి దిగకుండా బండ్ల బాటనే నడవండి. చేను దాటవలసి వస్తే రైతును అడిగి దాటండి.

మూడవది వేళ. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాపి రొప్పడమే దానికి చల్లదనం. ఎండాకాలంలో పొద్దు పొడవక ముందు, లేదా పొద్దు గూకిన తరువాతే తీసుకుపోవాలి. చేతి వెనుక భాగాన్ని నేల మీద ఆనించి చూడండి. మీ చేయి ఓర్చుకోలేనంత వేడి ఉంటే దాని పాదాలు కూడా ఓర్చుకోలేవు. వానాకాలంలో రేగడి మట్టి గోళ్ల మధ్య గట్టిపడి కుంటేలా చేస్తుంది.

నాలుగవది నీళ్లు. మీకొక సీసా, దానికొక సీసా. పత్తి చేలల్లో మందు కొట్టిన తరువాత నిలిచిన నీళ్లు తాగనివ్వకండి. మంజీర ఒడ్డున మరింత జాగ్రత్త. ఆ నదిలో మొసళ్లున్నాయి. సంగారెడ్డి దగ్గర 1978లో ఏర్పడిన మంజీర అభయారణ్యం వాటికి పేరు పొందింది. పిల్లలనూ కుక్కనూ నీటి అంచుకు పోనివ్వకుండా పైన చెట్టు నీడలో కూర్చోవాలి.

ఇంటికి వచ్చాక పాదాల్లో పల్లేరు గింజలు, తుమ్మ ముళ్లు, చెవుల్లో పిడుదులు వెతకండి. ఈ పని పిల్లలకు అప్పగించండి. ఓపిక నేర్చుకుంటారు.

సామెతల గ్రంథం 12వ అధ్యాయంలో నీతిమంతుడు తన పశువును ఎలా చూసుకుంటాడో రాసి ఉంది. నేను ఆ మాటను తిండి పెట్టడం గురించే అనుకునేవాణ్ణి. మన ప్రాణి వలన పొరుగువాని బిడ్డకు ఆపద రాకుండా చూడడం కూడా అందులోనే ఉందని నాకు ఆలస్యంగా అర్థమైంది.

ఇప్పుడు మంద మా ఊరి దిక్కు వచ్చినప్పుడల్లా అందరం కలిసి ఒక రోజు మంజీర దాకా పోయి వస్తాం. కాపరి జొన్న రొట్టెలు తెస్తాడు. నేను పచ్చి పులుసు తెస్తాను. ఆ పిల్ల ఇప్పుడు పెద్దదైంది, నీళ్ల సీసా మోస్తుంది. మోతికి మాత్రం నాలుగడుగుల దూరంలోనే నడుస్తుంది. దగ్గరికి రమ్మని నేనెప్పుడూ అనలేదు. బయలుదేరే ముందు ప్రతిసారీ అదే ప్రశ్న అడుగుతుంది.

"సారూ, ఈసారి సూది ఏయించినవా?"

నేను జేబులోంచి కార్డు తీసి ఆ పిల్ల చేతికే ఇస్తాను. తేదీ చదివి తిరిగి ఇచ్చిన తరువాతే నడక మొదలుపెడతాం.