పాత బండికి గాజునీళ్లు

పాత చీరలిచ్చి స్టీలు గిన్నెలు పుచ్చుకున్నవాళ్లమే మనమంతా. అయినా ఆ చీర ఇంకెవరో కట్టుకుంటారుగా!

2009లో అమెరికా ప్రభుత్వం చేసిన బేరం అలాంటిది కాదు. పెట్రోలెక్కువ తాగే పాత కారిచ్చి పొదుపైన కొత్తది కొంటే 3,500 డాలర్లో, 4,500 డాలర్లో ఇచ్చారు. పొగ తగ్గాలి, కాదనను. కానీ నడుస్తున్న బండి ఇంజనులో ఆయిలు తీసేసి, సోడియం సిలికేటు ద్రావణం పోసి, బిగుసుకుపోయేదాకా తిప్పారట! అలా దాదాపు 6,77,000 కార్లు. పాతకార్ల మోజున్నవాళ్లు లబోదిబోమన్నారు, రేపు తమ బండికి ఇంజను ఎక్కణ్ణుంచి తెచ్చుకోవాలని. 25 ఏళ్లు దాటినవాటిని పథకంలో చేర్చకపోవడం ఒక్కటే ఊరట.

"ఇనుముకోసం ఇంత ఏడుపా?" అన్నారు మావారు. మామగారి స్కూటరు మా మెట్లకిందే ఉంది. కదలదు. ఆదివారం ఆదివారం తుడుస్తారాయన.