నేల టికెట్టు ఏ రికార్డులో ఉంది?

(తెర ముందు మనం – 9)



తెలుగు సినిమాలో 'రికార్డు' అన్న మాటకి అర్థం మూడుసార్లు మారింది. మొదట రోజులు, తర్వాత సెంటర్లు, ఇప్పుడు కోట్లు. ఎన్ని రోజులు ఆడింది, ఎన్ని సెంటర్లలో వంద రోజులు ఆడింది, ఎన్ని కోట్లు తెచ్చింది. 'లవకుశ' పెద్ద హిట్టా, 'బాహుబలి' పెద్ద హిట్టా అని మా కాలేజీలో పిల్లలు గంటలకొద్దీ వాదించుకుంటారు. వాళ్లలో సగానికి పైగా మన పేటల నుంచి వచ్చినవాళ్లే. నైజాం షేర్ ఎంత, సీడెడ్ షేర్ ఎంత అన్నది నోటికి చెబుతారు. 1800లో నిజాం ఇంగ్లీషువాళ్లకి అప్పగించిన జిల్లాల్ని సినిమా వ్యాపారం ఇవాళ్టికీ 'సీడెడ్' అనే పిలుస్తోందని చెబితే మాత్రం ఆశ్చర్యపోతారు. ఆ వాదన నాకు ఇష్టమే. కాకపోతే ఆ లెక్కలో ఒక గడి ఎప్పుడూ ఖాళీగా ఉంటుంది. డబ్బు ఎంతొచ్చిందో ఉంటుంది, ఎవరి జేబులోంచి వచ్చిందో ఉండదు. ఈ భాగం ఆ ఖాళీ గడి గురించి.

ముందు రోజుల లెక్క చూద్దాం. 1957లో వచ్చిన 'మాయాబజార్' 24 సెంటర్లలో వంద రోజులు ఆడింది. అప్పట్లో ప్రింట్లు తక్కువ. సినిమా మొదట విజయవాడ, హైదరాబాద్, రాజమండ్రి లాంటి పెద్ద ఊళ్లలో పడేది. అక్కడ ఆడి ఆడి, ప్రింటు గీతలు పడ్డాక చిన్న పట్టణాలకి, ఆ తర్వాత పల్లెల్లోని టూరింగ్ టాకీసులకి వచ్చేది. 'వంద రోజులు' అన్నది ఆ మొదటి మజిలీల లెక్క. డేరా కింద వారం ఆడి ఎత్తేసిన ఆటలు ఏ శతదినోత్సవ ప్రకటనలోకీ ఎక్కలేదు.

మా నాయనమ్మ 'లవకుశ' చూసింది అలాంటి డేరాలోనే, సినిమా వచ్చిన చాన్నాళ్లకి. నాట్లేసిన కూలి డబ్బుల్లోంచి టికెట్టు. నేల అంటే నిజంగా నేలే, ఇసక. ముందు కూర్చున్నవాళ్ల తలలు అడ్డొస్తే ఇసక కుప్పగా పోసుకుని దాని మీద కూర్చునేవాళ్లట. వెనకున్నవాళ్లు తిడితే ఆ కుప్ప చదును చేసేవాళ్లట. ఆమె మూడుసార్లు చూసింది. ఆ మూడు టికెట్లూ 'లవకుశ' రికార్డులో లేవు. అంటే మన లెక్క తప్పిపోవడం మల్టీప్లెక్సులతో మొదలవలేదు, మొదటి నుంచీ ఉంది.

1963లో వచ్చిన ఆ సినిమా కోటి రూపాయలు వసూలు చేసిందని సినిమా చరిత్రలు రాసినవాళ్లు చెబుతారు. ఒక చిన్న లెక్క వేద్దాం. సగటు టికెట్టు రూపాయి అనుకుంటే కోటి టికెట్లు. అర్ధరూపాయి అనుకుంటే రెండు కోట్లు. 1961 జనాభా లెక్కల్లో ఆంధ్రప్రదేశ్ జనం దాదాపు 3.6 కోట్లు. చూసినవాళ్లే మళ్లీ మళ్లీ చూసి ఉంటారన్నది నిజం. అయినా మొత్తం జనంలో ఆ సినిమా ఎంత లోతుకి దిగిందో ఈ లెక్క చెబుతుంది.

ఇప్పుడు 2024 డిసెంబర్‌కి రండి. 'పుష్ప 2' నిర్మాతలు ప్రకటించిన వసూళ్లు 1,800 కోట్లు దాటాయి. సగటు టికెట్టు 250 అనుకుంటే ఏడు కోట్ల చిల్లర టికెట్లు. అందులో హిందీ వెర్షన్ వాటా పెద్దది, విదేశాల వాటా వేరే. దేశ జనాభా 140 కోట్ల పైమాటే. కోటి పక్కన 1,800 కోట్లు పెడితే పద్దెనిమిది వందల రెట్లు పెద్ద హిట్టు అనిపిస్తుంది. తలలు లెక్కపెడితే ఆ బోలెడంత తేడా ఏడు రెట్లకో, మూడున్నర రెట్లకో దిగుతుంది. జనాభాలో ఎంతమంది అని అడిగితే అసలు తిరగబడుతుంది. టీవీ, ఫోను లేని రోజుల్లో సినిమాకి పోటీ లేదు, నిజమే. కానీ నేను అడుగుతున్నది ఏది గొప్ప సినిమా అని కాదు. కోట్ల లెక్క సినిమా పెరుగుదలని ఎంత చూపిస్తోంది, టికెట్టు ధర పెరుగుదలని ఎంత చూపిస్తోంది అని.

మధ్యలో సెంటర్ల యుగం ఒకటుంది. 1977లో 'అడవి రాముడు' 32 సెంటర్లలో వంద రోజులు, నాలుగు సెంటర్లలో ఏడాది ఆడింది. 2006లో 'పోకిరి'కి వంద రోజుల సెంటర్లు 200 అన్నారు. 2009లో 'మగధీర' దాన్ని దాటిందన్నారు. జనం అన్ని రెట్లు పెరగలేదు. పెరిగినవి ప్రింట్లు, పోటీ. 1980ల్లో వచ్చిన స్లాబ్ పద్ధతిలో పన్ను అమ్ముడుపోయిన టికెట్ల మీద కాకుండా హాలు సామర్థ్యాన్ని బట్టి కట్టేవాళ్లు. దాంతో నిజంగా ఎంతమంది చూశారన్న లెక్క ఇంకా పలచబడింది. హాలు ఖాళీగా ఉన్నా అభిమానులు చందాలేసుకుని వందో రోజు దాకా ఆట నడిపించిన ఊళ్లు మనకి తెలుసు. ఆ చందాల్లో మన పేటల కుర్రాళ్ల కూలి డబ్బులూ ఉన్నాయి. పోస్టరు అతికించింది, కటౌట్‌కి పాలు పోసింది, దండ మోసుకుంటూ నిచ్చెన ఎక్కింది వాళ్లు. హీరో వాళ్ల కులం కాదు, కాబోడు కూడా. ఎస్.వి. శ్రీనివాస్ చిరంజీవి అభిమానుల మీద చేసిన పరిశోధన 'మెగాస్టార్' అనే పుస్తకంగా 2009లో వచ్చింది. అభిమానిని వెర్రివాడిగా కొట్టిపారేయకుండా ఎలా చదవాలో తెలియాలంటే విద్యార్థులు అక్కడ మొదలుపెట్టండి.

ఇంత జరుగుతున్నా మనవాళ్లు సినిమా హాలుకి ఎందుకు ఎగబడ్డారు? శ్రీలంక తమిళ పండితుడు కార్తిగేసు శివతంబి తమిళ సినిమా గురించి రాస్తూ ఒక గొప్ప సంగతి గమనించాడు. అన్ని కులాలవాళ్లూ ఒకే కప్పు కింద కూర్చున్న మొదటి ప్రదర్శనశాల సినిమా హాలే అన్నాడు. గుడిలో చోటు పుట్టుకని బట్టి. హాల్లో చోటు జేబుని బట్టి. ఇది తెలుగు నేలకీ వర్తిస్తుంది. డబ్బుండి బెంచీ టికెట్టు కొంటే నిన్ను నేలకి పొమ్మనడానికి గేటు దగ్గరున్నవాడికి అధికారం లేదు. గుళ్లోకి రానివ్వని ఊళ్లో, టీకొట్టు దగ్గర వేరే గ్లాసు పెట్టే ఊళ్లో, ఇది చిన్న విషయం కాదు.

చిన్న విషయం కాదని ఊరికీ తెలుసు. 1991 జులై 4న అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో, సినిమా హాల్లో, చదువుకున్న ఒక దళిత యువకుడి కాలు ఒక రెడ్డి యువకుడికి తగిలింది. అక్కడ మొదలైన గొడవ సాంఘిక బహిష్కరణ దాకా వెళ్లింది. ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపారు. శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షల్ని కొట్టేసింది.

చుండూరు గురించి మనం చాలా రాసుకున్నాం, పాడుకున్నాం. అది సినిమా హాల్లో మొదలైందన్న సంగతిని మాత్రం సందర్భంగా చెప్పి వదిలేస్తాం. నాకు అదే అసలు సంగతి అనిపిస్తుంది. పొలం గట్టు మీద, బావి దగ్గర, రచ్చబండ దగ్గర ఎవడు ఎంత దూరం నిలబడాలో ఊరు ముందే గీత గీసి పెట్టింది. హాల్లో చీకటి. కుర్చీ మీద కులం రాసి లేదు. ఒకే ధర పెట్టి కొన్న రెండు టికెట్లు ఇద్దర్ని ఒక కాలి దూరంలోకి తెచ్చాయి. ఆ దగ్గరితనాన్నే ఊరు భరించలేకపోయింది.

మాదీ తెనాలి చుట్టుపక్కల ఊరే. అప్పటికి నాకు మూడేళ్లు. ఆ తర్వాత ఎన్నేళ్లయినా మా నాన్న నన్ను ఏ సినిమాకి తీసుకెళ్లినా లైట్లు ఆరగానే ఒకే మాట అనేవాడు: "కాళ్లు దగ్గరికి పెట్టుకోరా." అందరు నాన్నలూ అలాగే అంటారనుకున్నాను. ఎమ్మేలో చుండూరు మీద వచ్చిన రచనలు చదువుతున్నప్పుడు గానీ ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో అర్థం కాలేదు. బ్లాక్‌బస్టర్ చూస్తూ మూడు గంటలు కాళ్లు ముడుచుకుని కూర్చున్న మనిషిది కూడా ఒక టికెట్టే. డిస్ట్రిబ్యూటర్‌కి ఆ టికెట్టుకీ, పక్కవాడి టికెట్టుకీ తేడా లేదు. మనకి ఉంది.

ఇప్పుడు పక్కన కూర్చుంటే కొట్టాల్సిన పని చాలాచోట్ల లేదు. ధరే ఆ పని చేసిపెడుతోంది. 2021 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన జీవో 35లో గ్రామ పంచాయతీల్లోని నాన్ ఏసీ హాళ్లకి టికెట్లు 5, 10, 15 రూపాయలు. హాళ్లవాళ్లు కరెంటు బిల్లు కూడా రాదన్నారు, అందులో నిజముంది. ఆ జీవో వెనక రాజకీయం ఉందన్నారు, అదీ ఉండొచ్చు. 2022లో దాన్ని మార్చారు. మూడేళ్లు తిరక్కుండా 'పుష్ప 2' ప్రీమియర్‌కి తెలంగాణలో మామూలు ధర మీద 800 రూపాయలు అదనంగా వసూలు చేసుకోనిచ్చారు. ఆ ఏడాది రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉపాధి హామీ రోజు కూలి 300. అదనపు ధర ఒక్కటే రెండున్నర రోజుల మట్టి పని. ఇంట్లో నలుగురుంటే పది రోజులు దాటుతుంది. ఐదు రూపాయలు అన్యాయమని గొంతెత్తినవాళ్లు ఎనిమిది వందల దగ్గర ఎందుకు మాట్లాడలేదో ఆలోచించండి.

శివతంబి చెప్పిన 'జేబుని బట్టి చోటు' మనకి ఒకప్పుడు తలుపు తెరిచింది. అదే సూత్రం ఇప్పుడు తలుపు మూస్తోంది. భూమి ఎవరి చేతిలో ఉందో, జీతాలు ఎవరికి ఉన్నాయో తెలిసిన దేశంలో జేబుకి కులం ఉండదా? 'మొదటి రోజు రికార్డు' అంటే మొదటి రోజే అంత డబ్బు పెట్టగలిగినవాళ్ల రికార్డు. మిగతావాళ్లు ఓటీటీ దాకా ఆగుతారు, లేదా ఫోన్లో పైరసీ చూస్తారు. వాళ్లు చూసిన సినిమా కూడా అదే, కానీ వాళ్లు లెక్కలోకి రారు. అప్పట్లో డేరాలో మా నాయనమ్మ రానట్టే.

సరే, ఇన్ని కోట్ల మధ్య తెర మీద ఏం మారింది? 1938లోనే 'మాలపిల్ల' వచ్చింది. చలం కథ, గూడవల్లి రామబ్రహ్మం దర్శకత్వం, కాంచనమాల నాయిక. సనాతనుల వ్యతిరేకతని తట్టుకుని పెద్ద విజయం సాధించింది. పేరులోనే 'మాల' అన్న మాట పెట్టుకున్న సినిమా ఎనభై ఏళ్ల కిందటే డబ్బు చేసిందన్నమాట. 'కులం గురించి తీస్తే జనం చూడరు' అనే నిర్మాతలకి ఇదొక్కటి చాలు. అది చాలదంటే 2016లో నాగరాజ్ మంజులే తీసిన 'సైరాట్' ఉంది. వంద కోట్లు దాటిన తొలి మరాఠీ సినిమా ఒక దళిత దర్శకుడిది, కులహత్యతో ముగిసేది.

అయితే 'మాలపిల్ల' ముగింపు గుర్తు చేసుకోండి. మంటల్లో చిక్కుకున్న శాస్త్రిగారి భార్యని ఒక హరిజనుడు కాపాడాక శాస్త్రిగారి మనసు మారుతుంది. 'పుష్ప 2' చూడండి. కూలివాడుగా మొదలైన హీరోకి రెండు సినిమాల పొడుగునా ఉన్న గాయం ఇంటిపేరు. అన్న కూతుర్ని కాపాడాక అన్న వచ్చి ఆ ఇంటిపేరు ఇస్తాడు. ఎర్రచందనం సామ్రాజ్యం, అంతర్జాతీయ వ్యాపారం ఏవీ ఇవ్వలేని గౌరవం ఆ శుభలేఖ ఇస్తుంది. 1938కీ 2024కీ మధ్య వసూళ్లు ఎక్కడి నుంచి ఎక్కడికో వెళ్లాయి. గౌరవం మాత్రం ఇప్పటికీ పెద్దింటివాళ్లు లోపలి నుంచి తలుపు తీస్తేనే వస్తోంది. పైగా అప్పుడు కులం పేరైనా చెప్పారు. ఇప్పుడు అవమానాన్ని ఉంచుకుని పేరు తీసేశారు. ఆ అవమానం మనకి తెలిసిందే కాబట్టి మనం ఈలలేస్తాం. తప్పు ఈలది కాదు. ఆ ఈలని అమ్ముకునేవాళ్లు మనకి బాకీ ఉన్నారంతే.

సినిమా మీద పరిశోధన చేద్దామనుకునే తమ్ముళ్లకి, చెల్లెళ్లకి ఒక పని చెబుతాను. హాళ్లలో రోజువారీ వసూళ్ల కాగితం ఉంటుంది, డీసీఆర్ అంటారు. ఏ తరగతిలో ఎన్ని టికెట్లు తెగాయో అందులో ఆటల వారీగా రాసేవాళ్లు. నేల ఇన్ని, బెంచీ ఇన్ని, కుర్చీ ఇన్ని, బాల్కనీ ఇన్ని. మీ ఊళ్లో ఇప్పుడు ఫంక్షన్ హాలో, గోడౌనో అయిపోయిన పాత థియేటర్ ఒకటి ఉండే ఉంటుంది. దాని మేనేజరో, బుకింగ్ క్లర్కో, గేటు మనిషో ఇంకా బతికే ఉంటారు. వెళ్లి అడగండి. ఆ కాగితాలు అటక మీద దొరికితే ఫొటోలు తీసుకోండి. దొరక్కపోతే మీ పేటలో అరవై దాటినవాళ్లని కూర్చోబెట్టి రాసుకోండి: ఏ సినిమా, ఏ హాలు, ఎక్కడ కూర్చున్నారు, పక్కన ఎవరు కూర్చున్నారు, ఎప్పుడైనా లేవమన్నారా.

కోట్ల లెక్క రాయడానికి నిర్మాతలున్నారు, పీఆర్వోలున్నారు. నేల టికెట్ల లెక్క మనం రాయకపోతే ఇంకెవరూ రాయరు. అడిగితే చెప్పగలిగినవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు. ఈ వేసవి సెలవుల్లోనే మొదలుపెట్టండి.

జై భీమ్.