మేడ్చలు, శామీరుపేట: పచ్చికకొక పటము

సికిందరాబాదునుండి ఉత్తరదిశగా రెండు పెద్ద బాటలు పోవుచున్నవి. నాగపూరు బాటమీద మేడ్చలును, కరీంనగరు బాటమీద శామీరుపేటయు కలవు. ఈ రెంటి నడుమనున్న భూమి తెలంగాణపు నేలకు మంచి మచ్చు. ఎఱ్ఱమట్టి, దానినడుమ ఏనుగులు మోకరించినట్లు రాతిగుండ్లు, పల్లమున చెఱువు, గట్టున తాటిచెట్లు. వానలు పడగానే గుండ్ల సందులలో గడ్డి మొలచును. వేసవిలో చెఱువునీరు వెనుదీయగా బయల్పడిన శిఖమున పచ్చిక అల్లుకొనును. శామీరుపేట పెద్దచెఱువును చూడవచ్చిన పట్టణవాసులు నీటిని చూచి మురియుదురు. పశువులకాపరి చూపు మాత్రము నీటియంచునందే యుండును.

2016వ సంవత్సరమునుండి ఈ యూళ్లు మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోనివి. నగరమిచ్చటికి వచ్చి చేరినది. శామీరుపేటలో నల్సార్ న్యాయవిశ్వవిద్యాలయము, తుర్కపల్లివైపున జీనోం వ్యాలీ, దక్షిణమున వలయ రహదారి వెలసినవి. ఒకప్పుడు మందలు తిరిగిన బీళ్లలో నేడు ఇండ్లస్థలముల హద్దురాళ్లు తఱచుగా కనబడుచున్నవి.

సోదరీమణులారా! ఇది భూముల వ్యవహారమని పుట త్రిప్పివేయకుడు. పాలు పిదుకుటయు, కుడితి పెట్టుటయు, పాలడబ్బులతో బిడ్డల చదువు సాగించుటయు మన పల్లెలలో ఎవరి పనియో మీకు తెలిసినదే. బీడు పోయిననాడు గడ్డిమోపు కొనవలెను. కొన్న గడ్డి పాలమీద వచ్చిన లాభమును మ్రింగివేయును.

మేతభూములకు మనవారు పెట్టిన పేర్లు చాల గలవు. కంచ, గైరాన్, బంచరాయి, శిఖము ఇత్యాదులు రైతుల నోటను, రెవిన్యూ దస్తరములలోను నేటికిని వినబడును. పూర్వము 33 అడుగుల గొలుసుతో భూమిని కొలిచెడివారు. ఆ గొలుసు నలువైపుల చతురముగా వచ్చిన నేల ఒక గుంట, అనగా 121 చదరపు గజములు. 40 గుంటలు ఒక ఎకరము. సేత్వారు, టిప్పను, 1954-55 నాటి ఖాస్రా పహాణీ మొదలగు కాగితములు ఏ సర్వే నంబరు ఎంతటిదో, ఎట్టిదో తెలుపును. ఐనను అందు గడ్డి యెంత యున్నదో ఏ కాగితమును చెప్పజాలదు.

ఆ కొఱతను నేటి డిజిటల్ పటము కొంతవఱకు తీర్చుచున్నది. సెల్‌ఫోను చేతబట్టి బీటి హద్దు వెంబడి నడచినచో, జి.పి.ఎస్. మూలమున ఆ హద్దు పటముపై గీతయై నిలుచును. దానిక్రింద ఉపగ్రహము తీసిన చిత్రమును పఱచుదురు. బాలానగరమునందలి జాతీయ దూరసంవేదన కేంద్రమువారు ఇట్టి చిత్రములను సిద్ధపఱచుచున్నారు. వీనిని జనులు చూచుటకై ఇస్రోవారు 2009లో ‘భువన్’ను నెలకొల్పిరి. ఐరోపావారి సెంటినెల్-2 ఉపగ్రహముల జంట అయిదేసి దినములకొకమాఱు 10 మీటర్ల గడులుగా భూమిని చిత్రించును. పచ్చని ఆకు సూర్యకాంతిలోని ఎఱుపును గ్రహించి, కంటికి కానరాని పరారుణ కాంతిని త్రిప్పికొట్టును. ఈ రెంటి భేదమును బట్టి ఏ గడిలో పచ్చదన మెంతయో లెక్కకట్టుదురు. వానకాలపు మబ్బులు మాత్రము ఈ చూపునకు అడ్డు వచ్చును.

ఇక ఇల్లాలికి తెలిసిన బియ్యపు లెక్కవంటిదే మేతలెక్కయు. 300 కిలోల ఆవు తన బరువులో నూటికి రెండున్నర వంతు, అనగా దినమునకు 7.5 కిలోల ఎండుమేతకు సరియైన గడ్డి తినునని యనుకొందము. పది ఆవులకు నెలకు 2,250 కిలోలు కావలెను. ఎకరమున 500 కిలోల గడ్డి యున్నదనుకొని, వేళ్లు చావకుండ సగము విడిచినచో, 250 కిలోలే దక్కును. కావున నెలకు 9 ఎకరములు వలయును. బీటిని నాలుగైదు మళ్లుగా పటముపై విభజించి, ఒకదానిలో మేపుచు తక్కినవానికి విశ్రాంతి నిచ్చినచో గడ్డి మరల లేచును. నీటితొట్టి ఏ మడికి దూరమో కూడ పటమున తెలియును. నార్వే, ఆస్ట్రేలియా దేశముల పెద్ద పశుక్షేత్రములలో ఆవు మెడపట్టీకి కట్టిన యంత్రమే పటములోని హద్దు దాటకుండ మ్రోగి హెచ్చరించును. మన చిన్నమందలకు కాపరి అదలింపు చాలును.

అయితే ఒక చిక్కు కలదు. ఉపగ్రహమునకు పచ్చదనము తెలియునుగాని మేత తెలియదు. తంగేడుపొదయు, వయ్యారిభామ కలుపును పటమున ఆకుపచ్చగానే మెఱయును. తంగేటిని పశువులు సాధారణముగా ముట్టవు. వయ్యారిభామ పశువునకును మనిషికిని హానికరము. చెంగలి గడ్డి యెచ్చట మొలచునో, ఏ మూల కలుపు క్రమ్మినదో దినమును గడ్డికోయు స్త్రీకి తెలిసినట్లు మఱియొకరికి తెలియదు. పటము గీయువారు ఆమెను వెంటబెట్టుకొని నడువనిచో, ఆ లెక్క తప్పిపోవును.

పటమునకు మఱియొక ప్రయోజనము కలదు. 2011 జనవరి 28వ తేదీన భారత సుప్రీముకోర్టు జగ్‌పాల్ సింగు వ్యాజ్యమున తీర్పునిచ్చుచు, అక్రమముగా ఆక్రమింపబడిన గ్రామపు ఉమ్మడిభూములను తిరిగి గ్రామమునకు చెందించు ఏర్పాట్లు చేయవలెనని రాష్ట్రప్రభుత్వములను ఆదేశించెను. ఐనను ఉమ్మడిభూమి యేదో చూపలేని యూరు దానిని నిలుపుకొనజాలదు. తేదీలతో కూడిన చిత్రములు, నడచి గీసిన హద్దు, పాత టిప్పను ఈ మూడును ఒకచో చేర్చినచో గ్రామమువారి మాటకు బలము చేకూరును.

కావున మీ మహిళాసంఘపు కూటమిలో పొదుపులెక్క ముగిసిన పిదప ఒక ప్రశ్న యడుగుడు: మన యూరి మేతభూమి సర్వే నంబరేది? అది తెలిసినపిమ్మట చదువుకొన్న కూతురొకతె ఫోనుతోను, గడ్డికోయు ముదుసలి యొకతె కొడవలితోను కలిసి హద్దు చుట్టివచ్చుట ఒక ఉదయపు పని.