అక్కల అంగళ్ల మీదుగా

2025 అక్టోబరు 24, హనుమకొండ

షిల్లాంగు ప్రయాణం ఖాయమైంది. అమ్మకు చెప్తే కొంచెంసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఎవరెవరు పోతున్నరు బిడ్డా?" అంది.
"నేనొక్కదాన్నేనమ్మా."
"అక్కడ మనోళ్లెవరన్న ఉన్నరా?"
"ఎవ్వరు లేరు."
"మరి తిండి మంచిగ దొరుకుతదా?"
ఆ మాట అడిగిందంటే ఒప్పుకున్నట్టే.

అమ్మలో ఈ మార్పు ఎప్పుడు మొదలైందో నాకు తెలుసు. 2023 డిసెంబరు 9న తెలంగాణలో ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితమైంది. అంతకుముందు వేములవాడ పోవాలంటే తమ్ముడికి సెలవు దొరకాలి, లేదంటే పక్కింటివాళ్లు బయల్దేరాలి. ఇప్పుడు ఆధార్ కార్డు, నీళ్ల సీసా సంచిలో వేసుకుని, జీరో టికెట్ తీసుకుని ఒక్కతే పోయి వస్తుంది. ఈ ఏడాది ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లోనూ స్త్రీశక్తి పేరుతో ఉచిత ప్రయాణం మొదలైంది. ఇప్పుడు వయసు మీరిన ఆడవాళ్లు కిటికీ పక్క సీట్లో ఒంటరిగా కూర్చుని కనిపిస్తే నాకు పండగలా ఉంటుంది.

అక్టోబరు 28

స్నేహితురాలు అడిగింది: "మేఘాలయే ఎందుకు?"

ఒంటరిగా వెళ్లే చోటును ఎంచుకోవడానికి నేను చూసేవి మూడు. ఆ ఊళ్లో అంగళ్లు నడిపేవాళ్లలో ఆడవాళ్లు ఎంతమంది? పొద్దుగూకాక వాళ్లు ఇంకా బజార్లోనే ఉంటారా? ఊరి జనం ఎక్కే బండ్లలో ఒంటరి ఆడవాళ్లు మామూలుగా కనిపిస్తారా? ఈ మూడూ ఉన్నచోట నన్ను ఎవరూ వింతగా చూడరు. చూపుల బరువు లేకపోతే సగం భయం పోతుంది.

ఇంతకుముందు ఒక పుణ్యక్షేత్రంలో లాడ్జి గుమాస్తా నా గుర్తింపు కార్డును అటూ ఇటూ తిప్పి చూసి, "ఒక్కరికి రూము ఇవ్వమమ్మా" అన్నాడు. అతని వెనక గోడ మీద స్త్రీలను గౌరవించాలని రాసి ఉంది. అప్పటి నుంచి గోడల మీది రాతలు చూసి ఊళ్లను నమ్మడం మానేశాను.

నవంబరు 4, గువాహటి నుంచి షిల్లాంగు

రెండు ఊళ్ల మధ్య దాదాపు 100 కిలోమీటర్లు. స్టేషన్ బయట షేర్ సుమోలు వరసగా ఉన్నాయి. సీటు లెక్కన డబ్బులు కడితే చాలు, బండంతా మాట్లాడుకోనక్కర్లేదు. నా బండిలో కాలేజీ పిల్ల ఒకతె, ఒళ్లో చంటిబిడ్డతో ఒక తల్లి, కూరగాయల బుట్టతో ఒక పెద్దావిడ. ఎక్కేముందు బండి నంబరు ఫొటో తీసి తమ్ముడికి పంపాను. ఇది ఎక్కడైనా చేసే పనే.

నొంగ్‌పో దగ్గర బండి ఆగింది. రోడ్డుకు ఆనుకుని అనాసపళ్లు, వెదురు కొమ్ముల పచ్చడి సీసాలు, ఉడికించిన గుడ్లు. అమ్మేవాళ్లు దాదాపు అందరూ ఆడవాళ్లే. వెనకవైపు మరుగుదొడ్డి ఉంది. లోపల బల్బు వెలుగుతోంది, తలుపుకి గొళ్లెం పడింది, బకెట్లో నీళ్లున్నాయి.

ప్రయాణాల పుస్తకాల్లో ఈ సంగతి ఎవరూ రాయరు. దారిలో మరుగుదొడ్డి ఉండదని ఉదయం నుంచి నీళ్లు తాగకుండా కూర్చునే ఆడవాళ్లను ఎంతమందిని చూశానో. ఆ దాహంతో తలనొప్పి, మూత్రనాళ ఇన్ఫెక్షన్లు, చివరకు "ప్రయాణాలు నాకు పడవు" అనే మాట. పడనిది ప్రయాణం కాదు తల్లీ, గొళ్లెం లేని తలుపు.

నవంబరు 5, షిల్లాంగు

ఇయూదూహ్ బజారు. బరాబజార్ అని కూడా అంటారు. ఎనిమిది రోజుల ఖాసీ సంతవారంలో ఒక రోజు పేరే ఈ బజారు పేరు. సందులు కిందికీ పైకీ మెలికలు తిరుగుతాయి. ఎండుచేపలు, పసుపు, తమలపాకులు, తేనె, ఇనుప కత్తులు. రెండు భుజాల మీదుగా జైన్‌సెమ్ కట్టుకుని, ఎత్తుపీటల మీద సరుకు మధ్య కూర్చుని, గట్టిగా బేరాలాడుతూ, డబ్బు తామే లెక్కపెట్టుకుంటూ ఆడవాళ్లు. మూటలు మోస్తూ దారి ఇవ్వమని అరుస్తూ పోయేవాళ్లు మగవాళ్లు.

ఇక్కడ పెద్దావిడను 'కాంగ్' అని పిలుస్తారు, మన 'అక్కా' లాగే. వాళ్లు నడిపే చిన్న హోటళ్లకీ అదే పేరు, కాంగ్ షాపులు. రెండు బల్లలు, ఒక పొయ్యి, అన్నం, మాంసం, టీ. ఒకదాంట్లో కూర్చున్నాను. కాంగ్ నా ముందు బియ్యప్పిండి, బెల్లం కలిపి నూనెలో వేయించిన పుఖ్లేన్ పెట్టింది. కొరికితే అచ్చం సంక్రాంతి అరిసె, నువ్వులు లేవంతే. మా ఇద్దరికీ కలిసిన భాష చాలా తక్కువ, వచ్చీరాని హిందీ. ఎక్కడి నుంచి వచ్చావని అడిగింది, పిల్లలెందరని అడిగింది. ఎవరితో వచ్చావని మాత్రం అడగలేదు.

నవంబరు 6

ఖాసీల్లో పిల్లలకు తల్లి వంశం పేరు వస్తుంది. తాతల నాటి ఇల్లు ఆఖరి కూతురిది, ఆమెను ఖాద్దూహ్ అంటారు. ముసలి తల్లిదండ్రులను చూసుకునే బాధ్యతా ఆమెదే. పెళ్లయ్యాక మగవాడు భార్య ఇంటికి వెళ్లడం ఆచారం. దిక్కులేని అన్నకైనా, విడిపోయి వచ్చిన అక్కకైనా ఆ ఆఖరి చెల్లెలి గుమ్మం తెరిచే ఉంటుంది.

దూరం నుంచి చూసి దీన్ని స్త్రీల రాజ్యం అనేయడం సరికాదు. ఇంటి పెద్ద నిర్ణయాల్లో మేనమామ మాట బరువైనది. ఊరి వ్యవహారాలు తేల్చే దొర్బార్‌లో సంప్రదాయంగా కూర్చునేది మగవాళ్లే. 2023 శాసనసభ ఎన్నికల్లో 60 స్థానాల్లో గెలిచిన స్త్రీలు ముగ్గురు. ఇక్కడి ఆడవాళ్లు ఈ సంగతి దాచరు, పత్రికల్లో రాస్తారు, వాదిస్తారు. ఇక్కడా నేరాలు జరుగుతాయి, చీకటి సందులు ఉంటాయి. నాకు అర్థమైంది ఇంతవరకే: ఇల్లు తనదైన ఆడమనిషి వీధిలో నిలబడే తీరు వేరు, ఆ తీరు చూసి పెరిగిన మగపిల్లలు మరో ఊరి ఆడమనిషిని చూసే తీరూ వేరు.

నవంబరు 7

సాయంత్రం నాలుగున్నర దాటగానే సూర్యుడు వాలిపోయాడు. దేశమంతా ఒకే గడియారం, కానీ ఈశాన్యం తూర్పున ఎంతో ముందుకు ఉంది. హనుమకొండలో ఇంకా గంట వెలుతురు ఉండే వేళకు ఇక్కడ దీపాలు పెడతారు. ఒంటరిగా వచ్చేవాళ్లు మొదట తెలుసుకోవాల్సింది ఇదే. "ఆరింటికల్లా చేరిపోతాం" అనే మన లెక్క ఇక్కడ చీకట్లో కొండదారి అవుతుంది. తెల్లవారుజామునే బయల్దేరి మూడింటికల్లా బస చేరడం మంచిది.

చీకటి పడ్డా పోలీస్ బజార్ నిండా జనం. ఆడపిల్లలు గుంపులుగా మోమోలు తింటున్నారు, ఒక మూల ఎవరో గిటారు వాయిస్తున్నారు. దుకాణాలు మూస్తున్న వేళకు నేనూ లేచాను. ఊరి ఆడవాళ్లు ఇళ్లకు మళ్లే వేళే నా వేళ అని ఎక్కడికి వెళ్లినా పెట్టుకున్న పద్ధతి.

నవంబరు 9, ఆదివారం

ఇయూదూహ్‌కి సెలవు. సుమోలు తక్కువ. చర్చిల నుంచి పాటలు. ఆదివారం ప్రయాణం పెట్టుకోకూడదని కాంగ్ ముందే చెప్పింది కాబట్టి వార్డ్స్ లేక్ చుట్టూ నడిచాను. నవంబరులో ఇక్కడ చెర్రీ చెట్లు పూస్తాయి. గులాబీ రంగు కొమ్మల కింద ఒక్కతే కూర్చుని చదువుకుంటున్న అమ్మాయిలు కనిపించారు. పార్కు బెంచీ మీద ఒంటరి ఆడపిల్ల, చేతిలో పుస్తకం, పక్కన ఎవరూ ఆగి పలకరించకపోవడం. ఇంత చిన్న సంగతి మన పార్కుల్లో ఎంత అరుదు!

నవంబరు 10, సొహ్రా

షిల్లాంగులోని మావ్‌లాంగ్ హాట్ నుంచి సుమో. పక్కన కూర్చున్న ఆవిడ సంచి విప్పి క్వాయ్ ఇచ్చింది: పచ్చి వక్క, సున్నం రాసిన తమలపాకు. ఇంటికొచ్చిన వారికి మొదట ఇచ్చేది అదే. నమలగానే చెవులు వేడెక్కాయి, నుదుట చెమట పట్టింది. నా మొహం చూసి బండిలో ఆడవాళ్లంతా నవ్వారు. "ఖుబ్లేయ్" అన్నాను. ధన్యవాదానికీ, పలకరింపుకీ, దీవెనకీ వాళ్లది ఆ ఒక్క మాటే.

మనం చిరపుంజి అని చదువుకున్న ఊరు ఇదే. 1860 ఆగస్టు నుంచి 1861 జులై వరకు 26,461 మిల్లీమీటర్ల వాన పడింది. చలికాలం వస్తే మాత్రం తాగునీటికి కటకట. వాన జారిపోతుంది, కొండ పట్టి ఉంచదు. ఆ నీళ్లు మోసేదీ ఎక్కువగా ఆడవాళ్లే.

నవంబరు 11, నొంగ్రియాట్

తిర్నా దగ్గర బండి దిగి, మూడువేలకు పైగా మెట్లు. నడుమ ఉక్కు తీగల వేలాడే వంతెనలు, కింద ఆకుపచ్చ నీళ్లు. ఖొహ్ అనే వెదురు బుట్టకు పట్టీ కట్టి, ఆ పట్టీని నుదుటికి ఆనించి ఆడవాళ్లు బరువులతో ఎక్కి వస్తున్నారు. మోకాళ్లు వణుకుతున్న నన్ను చూసి ఒకావిడ ఆగి, చేతికర్ర ఎక్కడ ఆనించాలో చూపించి వెళ్లింది.

రెండంతస్తుల వేళ్ల వంతెన. రబ్బరు మర్రి వేళ్లను వాగుకు అడ్డంగా ఏళ్ల తరబడి మళ్లిస్తే, ఒక తరం నాటిన దాని మీద తర్వాతి తరం నడుస్తుంది. వీటిని 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేర్చారు.

బస ఒక కుటుంబం ఇంట్లో. ఫోను సిగ్నల్ లేదు. అందుకే నిన్న సొహ్రాలో నేను బస చేసిన ఇంటావిడకు ఎప్పుడు తిరిగి వస్తానో రాసిచ్చాను. రాత్రి పొయ్యి చుట్టూ అందరం తిన్నాం. కొచ్చి నుంచి ఒంటరిగా వచ్చిన అమ్మాయి తన ఊరి సంగతులు చెప్పింది. ఎర్నాకుళం నార్త్ స్టేషన్ దగ్గర నగరపాలక సంస్థ ఆడవాళ్ల కోసం తక్కువ అద్దెకు షీ లాడ్జ్ నడుపుతోందట. రాత్రివేళ ఆడవాళ్లు ఎక్కడ ఆపమంటే అక్కడ కేరళ ఆర్టీసీ బస్సు ఆపాలట. 1998లో మొదలైన కుటుంబశ్రీ సంఘాల ఆడవాళ్లు హోటళ్లు నడుపుతున్నారు, కొచ్చి మెట్రో స్టేషన్లలో పనిచేస్తున్నారు. "రాత్రి దిగితే ఎదురుగా ఒక చేచ్చి ఉంటుంది ఆంటీ" అంది. అక్కడ చేచ్చి, ఇక్కడ కాంగ్, మన దగ్గర అక్క.

నవంబరు 13, షిల్లాంగు

కాంగ్ స్పెలిటీ లింగ్డో లాంగ్రిన్ గురించి ఈ కొండల్లో గౌరవంగా చెప్పుకుంటారు. దొమియాసియాట్‌లో ఆమె భూమి కింద యురేనియం ఉంది. కోట్ల రూపాయలు ఇస్తామన్నా యురేనియం కార్పొరేషన్‌కు లీజు ఇవ్వలేదు. 2020లో, తొంభై దాటిన వయసులో కన్నుమూసింది. 2019లో యురేనియం తవ్వకాలు వద్దంటూ నల్లమల కోసం గొంతెత్తిన మనవాళ్లు, యురేనియం గని ఉన్న తుమ్మలపల్లె చుట్టుపక్కల నీళ్ల కోసం మొరపెట్టుకునే రైతులు గుర్తొచ్చారు. పట్టా ఎవరి పేరు మీద ఉంటే 'వద్దు' అనే హక్కు వాళ్లది. ఒంటరి ప్రయాణానికి దీనితో ఏం సంబంధమంటే, 'వద్దు' అన్న ఆడమనిషి మాట చెల్లడం జనం కళ్లారా చూసిన చోట నా 'వద్దు' కూడా చెల్లుతుంది.

నవంబరు 15, గువాహటి

మా అక్క కూతురు ఫోన్ చేసింది. జనవరిలో కాలేజీ సెలవులకు ఒక్కతే వెళ్తానంటుంది. "చిన్నమ్మా, నాన్నకు నువ్వే చెప్పు" అంది. బావకు చెప్తాను. దానికి మాత్రం ఇవి రాసి పంపాను:

రైల్లో ఇబ్బందైతే 139. ఎక్కడైనా ఆపదొస్తే 112. మహిళల సహాయానికి 181.

టికెట్ లేదన్న కారణంతో ఒంటరి ఆడమనిషిని రాత్రిపూట ఏదో ఒక స్టేషన్లో దించేయకూడదు. 1989 రైల్వే చట్టం 139వ సెక్షన్ ఆ రక్షణ ఇచ్చింది. అయినా టికెట్ తీసుకో.

ఏ పోలీస్ స్టేషన్లోనైనా జీరో ఎఫ్ఐఆర్ నమోదు చేయాలి. "మా పరిధి కాదు" అంటే ఒప్పుకోకు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టంలోనే ఈ నియమం ఉంది.

వెలుతురుండగా ఊరు చేరు. మొదటి టీ ఆడమనిషి అంగట్లో తాగు, దారి ఆమెనే అడుగు.

మనసు కీడు శంకిస్తే మర్యాద కోసం ఆగొద్దు. లేచి వచ్చేయ్.

నవంబరు 18, హనుమకొండ

రాత్రి తొమ్మిది దాటాక బస్టాండులో దిగాను. బస్సు నిండా ఆడవాళ్లే. దిగినవాళ్లు దిగినట్టే గబగబా ఆటోల వైపు వెళ్లిపోయారు. టీ కొట్ల దగ్గర నిలబడ్డవాళ్లంతా మగవాళ్లు. ఇయూదూహ్‌లో నాకు పుఖ్లేన్ పెట్టిన కాంగ్ ఈ వేళ ఇక్కడ ఒంటరిగా దిగితే ఎవరి అంగట్లో కూర్చుంటుంది?

2014లో హైదరాబాదులో మొదలైన షీ టీమ్స్ మేలు చేశాయి, ఇంకా పెరగాలి. కానీ పోలీసు ఎక్కువగా వచ్చేది ఆపద పుట్టాక, ఫోన్ చేశాక. అంగట్లో అక్క ఉంటే చాలా ఆపదలు పుట్టనే పుట్టవు.

మన వీధులకు ఇది చేతకాదని ఎవరన్నా నేను నమ్మను. ఏటా బతుకమ్మ పండక్కి వేయిస్తంభాల గుడి ముందు ఎంగిలిపూల నాడు మొదలై సద్దుల దాకా, తొమ్మిది సాయంత్రాలు ఈ ఊరి రోడ్లు ఆడవాళ్లవి. చీకటి పడ్డాకే పాటలు, ముసలివాళ్లూ చంటిపిల్లల తల్లులూ అందరూ బయటే. బండ్లు ఆగుతాయి, మగవాళ్లు పక్కకు జరుగుతారు. మిగిలిన రోజులకు పాటలు అక్కర్లేదు, పని చాలు. గత ఏడాది నుంచి మహిళా సంఘాలు నడుపుతున్న ఇందిరా మహిళా శక్తి క్యాంటీన్లు ఉన్నాయి కదా. అటువంటిది ప్రతి బస్టాండులో ఒకటి, ఆఖరి బస్సు వెళ్లేదాకా తెరిచి ఉండాలి. పక్కనే వెలుతురు, నీళ్లు, గొళ్లెం ఉన్న మరుగుదొడ్డి ఉండాలి. రాత్రి పని చేసే అక్కలకు ఇంటికి చేర్చే బండి, న్యాయమైన కూలి ఉండాలి.

డిపో మేనేజరుకు, కలెక్టరుకు అర్జీ రాశాను. మొదటి సంతకం నాది. రెండోది అమ్మ చేసింది.